రెండూ బాగున్నప్పుడు ఏది వదులుకోవాలి?

ఔలీనా, సోలాంగా? నవంబరులో మొదలైన ఈ చర్చ సంక్రాంతి దాటేదాకా సాగి, చివరికి ఎక్కడికీ వెళ్లకుండానే ముగిసిన ఇళ్లు నాకు తెలుసు. డబ్బుల్లేక కాదు, సెలవు దొరక్కా కాదు. రెండు చోట్లూ బాగున్నాయి కాబట్టి, ఒకటి ఎంచుకుంటే రెండోది పోతుందన్న బెంగతో ఆగిపోయారు. ఉద్యోగం మారేటప్పుడు, ఇల్లు కొనేటప్పుడు, పిల్లల కాలేజీ విషయంలో కూడా మనల్ని పట్టుకునే ఊగిసలాట ఇదే. ప్రయాణం చిన్న విషయం కాబట్టి దీన్ని ఇక్కడ దగ్గరగా చూడటం సులువు. అందుకే ఈ అధ్యాయమంతా ఒక్క ప్రయాణం గురించే.

ముందు స్కీయింగ్‌కి వెళ్లే ఆ రెండు చోట్ల సంగతి. ఔలీ ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లాలో ఉంది. బదరీనాథ్ వెళ్లిన తెలుగువాళ్లందరికీ తెలిసిన జోషీమఠ్‌కి సరిగ్గా పైన, 2,500 నుంచి 3,050 మీటర్ల ఎత్తు మధ్య పరుచుకున్న వాలు. పైకెళ్లి నిలబడితే ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగింది డెహ్రాడూన్‌లోనూ ఈ వాలు మీదా. సోలాంగ్ హిమాచల్‌లో ఉంది. మనాలి నుంచి పదమూడు కిలోమీటర్ల దూరం, ఎత్తు దాదాపు 2,560 మీటర్లు. ఆ పక్కనే ఉన్న బురువా గ్రామానికి చెందిన ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో జరిగిన అంతర్జాతీయ స్కీ పోటీలో కాంస్యం గెలిచి, స్కీయింగ్‌లో దేశానికి మొదటి అంతర్జాతీయ పతకం తెచ్చింది. రెండూ చిన్న చోట్లే. స్విట్జర్లాండ్ ఫొటోలు మనసులో పెట్టుకుని వెళ్తే రెండూ చిన్నబోతాయి. పెద్దది కావాలంటే మన దేశంలో గుల్మార్గ్ ఉంది. అక్కడి గోండోలా దాదాపు 4,000 మీటర్ల ఎత్తు దాకా తీసుకెళుతుంది. కానీ మొదటిసారి కాళ్లకి స్కీలు కట్టుకునేవాడికి అంత కొండ అవసరం లేదు. వాడికి కావలసింది రెండొందల అడుగుల మెత్తటి వాలు, ఓపికున్న గురువు. అవి ఔలీలోనూ దొరుకుతాయి, సోలాంగ్‌లోనూ దొరుకుతాయి.

చిక్కంతా అక్కడే ఉంది. ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దీన్ని గమనించాడు. మార్విన్ మిన్‌స్కీ 1986లో రాసిన ‘ది సొసైటీ ఆఫ్ మైండ్’ పుస్తకంలో ఆ మాట నమోదు చేశాడు. రెండు అవకాశాలు ఎంత సమానంగా ఉంటే వాటి మధ్య తేల్చుకోవడం అంత కష్టం, కానీ సరిగ్గా అలాంటప్పుడే ఏది ఎంచుకున్నా వచ్చే తేడా చాలా తక్కువ. తేడా తక్కువున్న చోటే మనం ఎక్కువ కాలం ఖర్చు పెడతాం. బట్టల దుకాణంలో రెండు పట్టుచీరలు ముందేసుకుని, అంచు చూసి, కొంగు చూసి, మళ్లీ అంచు చూసి మధ్యాహ్నం గడిపేసినట్టు. పది చీరల్లోంచి ఆ రెండింటి దాకా రావడానికి పావుగంటే పట్టి ఉంటుంది.

ఇంకో పొరపాటు కూడా చేస్తాం. రెండు చోట్లనూ వాటి మంచిరోజుతో పోలుస్తాం. ఔలీ ఫొటోలో ఆకాశం నీలంగా ఉంటుంది, దేవదారు కొమ్మల మీద మంచు ఉంటుంది. సోలాంగ్ ఫొటోలోనూ అంతే. మంచిరోజున రెండూ స్వర్గాలే కాబట్టి ఫొటోలు ఎన్ని చూసినా తేలదు. నేను చెప్పేది ఒక్కటే: రెండూ బాగున్నప్పుడు వాటి చెడ్డరోజుల్ని పక్కపక్కన పెట్టండి. రెండు చోట్ల మంచిరోజులు ఒకేలా ఉంటాయి, చెడ్డరోజులు మాత్రం ఒకేలా ఉండవు. ఏ చోటి చెడ్డరోజుని మీరు, మీ ఇంటివాళ్లు తట్టుకోగలరో అదే మీ చోటు.

గేరీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఇలాంటి పద్ధతినే రాశాడు. పని మొదలుపెట్టకముందే అది పూర్తిగా చెడిపోయిందని అనుకోండి, ఎందుకు చెడిపోయిందో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాయండి అంటాడు. ‘ఏమైనా ఇబ్బంది వస్తుందా’ అని అడిగితే మనవాళ్లు ‘ఏం కాదులే, చూసుకుందాం’ అంటారు. ‘ఇబ్బంది వచ్చేసింది, ఎందుకొచ్చిందో చెప్పు’ అని అడిగితే అందరికీ నోరు పెగులుతుంది. అంతవరకూ మొహమాటపడి ఊరుకున్న అత్తగారు కూడా నోరు విప్పుతారు.

ఆ కాగితం మీద ఈ ప్రయాణానికి సంబంధించి ఏం రావాలో నేను చెప్తాను.

మొదటిది, మంచు లేదు. ఇది అరుదైన ప్రమాదం కాదు, తరచూ జరిగేదే. మన దేశంలో చలికాలపు మంచు మధ్యధరా సముద్ర ప్రాంతం వైపు నుంచి తేమ మోసుకొచ్చే వాతావరణ వ్యవస్థల వల్ల పడుతుంది. వాతావరణ శాఖ వాళ్లు వెస్టర్న్ డిస్టర్బెన్స్ అనేది వీటినే. అవి నెలకి కొన్నే వస్తాయి. కొన్నిసార్లు వచ్చినా బలహీనంగా వచ్చిపోతాయి. 2024 జనవరి మొదటి వారాల్లో గుల్మార్గ్‌లోనే గడ్డినేల కనిపించింది. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల పోటీలు మంచు చాలక మార్చికి జరిగాయి. గుల్మార్గ్‌కే దిక్కు లేనప్పుడు ఔలీ, సోలాంగ్ సంగతి చెప్పక్కర్లేదు. ఔలీలో కృత్రిమ మంచు యంత్రాలు పెట్టారు గానీ, అవి పనిచేయాలన్నా గడ్డకట్టించే చలి కావాలి. మంచు లేక అక్కడ పోటీలు వాయిదా పడ్డ సందర్భాలున్నాయి.

మన సెలవులకీ ఆ మంచుకీ పొత్తు కుదరదని కూడా ఇక్కడే చెప్పాలి. తెలుగు ఇళ్లలో పిల్లలకి దొరికే సెలవులు దసరా, క్రిస్మస్, సంక్రాంతి, వేసవి. వాటిలో ఒక్కటీ నమ్మకంగా మంచు ఉండే కాలం కాదు. స్కీయింగ్‌కి నమ్మదగ్గది జనవరి చివరి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. పిల్లల బడికి నాలుగు రోజులు సెలవు పెట్టించడం తప్పేమీ కాదని నా అభిప్రాయం. సంక్రాంతి సెలవుల్లోనే వెళ్లి తీరాలనుకుంటే, స్కీయింగ్ దొరికితే అదృష్టం అనుకునే వెళ్లండి.

సరే, వెళ్లారు, మంచు లేదు. ఇప్పుడు రెండు చోట్లూ విడిపోతాయి. సోలాంగ్‌లో ఉన్నవాళ్లకి ఇంకో తలుపు ఉంది. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ టన్నెల్ పొడవు తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. అది దాటితే లాహౌల్ లోయ, సిస్సూ గ్రామం. ఇంకాస్త ఎత్తు, ఇంకాస్త చలి. సోలాంగ్‌లో గడ్డి కనిపించే రోజున కూడా అక్కడ మంచు ఉండే అవకాశం ఎక్కువ. స్కీయింగ్ నేర్పే వాలు ఉండకపోవచ్చు, కానీ పిల్లలు మంచుని చేత్తో పట్టుకుంటారు. అదీ కుదరకపోతే మనాలి ఊరు ఉంది. హిడింబ గుడి, వశిష్ఠ్‌లో వేడినీటి ఊటలు, మాల్ రోడ్డు. ఇంటిల్లిపాదికీ పొద్దుపోతుంది.

ఔలీలో మంచు లేని రోజు వేరు. అక్కడ ఊరంటూ పెద్దగా లేదు. నందాదేవి మాత్రం మంచు పడ్డా పడకపోయినా ఎదురుగానే ఉంటుంది. ఓపికున్నవాళ్లు గోర్సోన్ బుగ్యాల్ అనే పచ్చికమైదానం దాకా నడవచ్చు. కిందికి దిగితే జోషీమఠ్‌లో నరసింహస్వామి గుడి. చలికాలంలో బదరీనాథ్ మూసేశాక ఆ క్షేత్రానికి సంబంధించిన శంకరాచార్య గద్దెని ఈ గుడికే తెస్తారు. కొండ చూస్తూ రోజంతా కూర్చోగల మనిషికి అది చెడ్డరోజే కాదు. ‘ఇంకేం చూడాలి’ అని గంటకోసారి అడిగే మనిషికి అంతకన్నా చెడ్డరోజు లేదు. మీరు ఏ రకమో మీకు తెలుసు. మీతో వచ్చేవాళ్లు ఏ రకమో ఒకసారి నిజాయితీగా ఆలోచించండి.

రెండోది, మంచు ఎక్కువైంది. సోలాంగ్ దగ్గర భారీగా పడితే పోలీసులు మామూలు కార్లను ఆపేస్తారు, ఫోర్ బై ఫోర్ బండ్లనే పోనిస్తారు. 2024 డిసెంబరు చివర్లో సోలాంగ్‌కీ అటల్ టన్నెల్‌కీ మధ్య వందల వాహనాలు గంటల తరబడి మంచులో ఇరుక్కుపోయాయి. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య మనాలి వెళ్లొద్దని నేను అందరికీ గట్టిగా చెప్తాను. ఆ వారంలో జనమే ఎక్కువ, స్కీ చేసే చోటు తక్కువ. ఔలీలో మంచు ఎక్కువైతే జోషీమఠ్ నుంచి పైకెక్కే రోడ్డు మూసుకుపోతుంది. ఒకప్పుడు ఆ ఇబ్బంది ఉండేది కాదు. జోషీమఠ్ నుంచి ఔలీకి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉండేది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి, ఇళ్లు బీటలు వారినప్పుడు దాన్ని ఆపేశారు. మీరు వెళ్లే సమయానికి పరిస్థితి ఎలా ఉందో అక్కడి హోటల్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. పాత యాత్రా వ్యాసాల్లో రోప్‌వే గురించి రాసిన వర్ణనలు చదివి టికెట్లు కొనకండి. ఔలీలో పైన ఇంకో చిన్న చెయిర్‌లిఫ్ట్ ఉంది, అది వేరు.

మూడోది, ఎవరికో ఒంట్లో బాగాలేదు. హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్ దాకా విమానంలో వెళ్లినా, ఋషీకేశ్ నుంచి జోషీమఠ్‌కి సుమారు 250 కిలోమీటర్ల కొండదారి. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ, అన్నీ దాటుకుంటూ ఎనిమిది నుంచి పది గంటలు. దారి పొడుగునా నది పక్కనే ఉంటుంది, మలుపు వెనక మలుపు. ఔలీలో కాలు విరిగితే పెద్దాసుపత్రి కోసం గఢ్వాల్‌లోని శ్రీనగర్‌కో, ఋషీకేశ్ ఎయిమ్స్‌కో ఆ దారిలోనే దిగాలి. ఢిల్లీ నుంచి మనాలి దూరం ఇంకా ఎక్కువే, 530 కిలోమీటర్లు ఉంటుంది. కానీ రాత్రి వోల్వో ఎక్కితే నిద్రలో సగం గడిచిపోతుంది, దిగాక ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. అరవై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు వెంట ఉంటే ఈ ఒక్క లెక్కతోనే విషయం తేలిపోవాలి.

నాకు తెలిసిన ఒక ఇంట్లో తేలిన తీరు ఇది. అక్కాతమ్ముళ్లు. అక్కకి పెళ్లయి ఇద్దరు పిల్లలు, తమ్ముడికి గచ్చిబౌలిలో ఉద్యోగం. తల్లి కూడా వస్తానంది.

“అక్కా, ఔలీకే పోదాం. సోలాంగ్‌లో కాలు పెట్టడానికి చోటుండదు.”

“అమ్మని పది గంటలు ఆ ఘాట్‌రోడ్డు మీద కూచోబెడతావారా? తిరుమల కొండెక్కితేనే ఆవిడకి కడుపులో తిప్పుతుంది.”

“మాత్ర వేసుకుంటుందిలే.”

“సరే, వేసుకుంది. వెళ్లాం. అక్కడ మంచు లేదు. పిల్లలిద్దరినీ పెట్టుకుని మూడు రోజులు ఏం చేస్తాం, చెప్పు.”

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “నాకు నేర్చుకోవాలనుందక్కా. మంచులో ఫొటో దిగి రావడానికి కాదు.”

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా. నీ ప్రయాణం వేరు, మా ప్రయాణం వేరు.”

అసలు ముడి అక్కడ విడింది. వాళ్లు ఇన్నాళ్లూ రెండు చోట్ల మధ్య తగువు పడుతున్నామనుకున్నారు. నిజానికి రెండు కోరికల మధ్య పడుతున్నారు. పిల్లలకి, తల్లికి మంచు చూపించాలన్నది ఒకటి. స్కీయింగ్ నేర్చుకోవాలన్నది ఇంకొకటి. ఇవి రెండూ ఒకే చోట, ఒకే మూడు రోజుల్లో తీరవు. అక్కవాళ్లు మనాలి వెళ్లారు. తమ్ముడు ఆఫీసు స్నేహితుడితో కలిసి ఔలీలో వారం రోజుల కోర్సుకి వెళ్లాడు. రెండు ప్రయాణాలకి ఖర్చు ఎక్కువైందని వాళ్ల బావ కొంత సణిగాడు గానీ, ఎవరూ ముఖం మాడ్చుకుని తిరిగి రాలేదు.

ఇంట్లో ఏ విషయం మీదైనా రెండు మంచి అవకాశాల మధ్య చర్చ వారాల తరబడి సాగుతుంటే, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ‘నీకు ఇందులోంచి ఏం కావాలి’ అని అడగండి. అందరి ముందూ అడగొద్దు. అందరి ముందూ మనవాళ్లు ‘మీ ఇష్టం’ అంటారు. ఆ ‘మీ ఇష్టం’ వెనక సాధారణంగా గట్టి ఇష్టమే ఉంటుంది.

నా తీర్పు అడిగితే ఇలా చెప్తాను. పిల్లలు, పెద్దలు కలిసి నాలుగైదు రోజుల ప్రయాణమైతే సోలాంగ్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు, వారం పైన సెలవు, నిజంగా నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే ఔలీ. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్లు అక్కడ వారం, రెండు వారాల కోర్సులు నడుపుతారు. మనాలిలోనూ అటల్ బిహారీ వాజ్‌పేయీ పర్వతారోహణ సంస్థ ఉంది, అక్కడా పద్ధతిగా నేర్పుతారు. కాబట్టి సోలాంగ్‌లో స్కీయింగ్ రాదని కాదు. రోడ్డు పక్కన అరగంట బేరానికి స్కీలు కట్టి, చెయ్యి పట్టుకుని కిందికి లాక్కెళ్లి, వీడియో తీసి పంపించేవాళ్ల దగ్గర రాదు. ఎక్కడైనా సరే, మూడు రోజుల్లో స్కీయింగ్ వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మొదటి రోజు పడటం, లేవడం నేర్చుకోవడంతోనే సరిపోతుంది.

తేల్చుకున్నాక తలుపు మూసేయాలి. దీనికి ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీ నాటికి తేలకపోతే నాణెం ఎగరేయండి. నేను ఈ మాట తేలిగ్గా అనడం లేదు. చెడ్డరోజులు కూడా పోల్చి చూశాక ఇంకా సమానంగానే ఉన్నాయంటే, నిజంగానే అవి మీకు సమానం. ఇక మీరు కూర్చుని పోల్చే ప్రతి సాయంత్రం మీ ప్రయాణంలోంచి పోతుంది. హోటల్‌కి అడ్వాన్స్ కట్టాక రెండో చోటి వాతావరణం చూడటం మానేయండి. ‘అక్కడ నిన్న అడుగు మంచు పడిందట’ అనే బంధువు ప్రతి ఇంట్లో ఉంటారు. సంతోషమని చెప్పి మాట మార్చండి.

అలా మిగిలిన శ్రద్ధని అసలు తేడా తెచ్చే విషయాల మీద పెట్టండి. మొదటిసారి వెళ్లేవాడికి ఏ కొండ మీద ఉన్నాడన్నదాని కన్నా కాళ్లకి ఏ బూట్లు ఉన్నాయన్నది ముఖ్యం. ఇది చాలామందికి తెలియదు. మనవాళ్లు రెండు నెలలు కొండల మధ్య తర్జనభర్జన పడతారు, బూట్లు మాత్రం అద్దె దుకాణంలో రెండు నిమిషాల్లో అందిన జత తొడుక్కుంటారు. స్కీ బూటు మామూలు బూటు కాదు, గట్టి ప్లాస్టిక్ చిప్ప. పిక్క సగం దాకా వస్తుంది. మీరు మోకాలు వంచి ముందుకి వాలితే ఆ ఒత్తిడి బూటు ద్వారా స్కీ అంచుకి చేరుతుంది, అప్పుడే స్కీ తిరుగుతుంది. బూటు వదులుగా ఉంటే మీరు వంగుతారు, స్కీ మాత్రం దాని దారిన అది పోతుంది. ‘నాకు చేత కావట్లేదు’ అని మొదటి పూటే స్కీలు విప్పేసేవాళ్లలో చాలామంది కష్టం బూట్లలోనే ఉంటుంది.

చూసుకోవడం ఇలా. ఒక్క జత సాక్సులే వేసుకోండి, ఉన్నివైతే మంచిది. చలికని రెండు జతలు వేస్తే మడతలు పడి పాదం ఒరుసుకుపోతుంది, నూలువైతే చెమటకి తడిసి ఇంకా చల్లబడతాయి. ప్యాంటు అంచు బూటు లోపల ఇరక్కూడదు. బూటులో నిటారుగా నిలబడితే కాలివేళ్ల చివర ముందు గోడకి తగిలీ తగలనట్టు ఉండాలి. మోకాళ్లు వంచితే వేళ్లు కొంచెం వెనక్కి రావాలి. వంగినప్పుడు మడమ పైకి లేవకూడదు, లేస్తే బూటు పెద్దదైనట్టే. బకిల్స్ పెట్టుకున్నాక కాలి ముందు ఎముకకి బూటు నాలుక సమంగా ఆనుకోవాలి. ఒకేచోట గుచ్చుకుంటే అది గంటలో తగ్గదు, పెరుగుతుంది. స్కీ పొడవు నిలబెట్టినప్పుడు గడ్డం దాకా వస్తే కొత్తవాళ్లకి చాలు. దుకాణదారు ‘అలవాటైపోతుంది సార్, చలో’ అని తొందరపెడతాడు, వెనక వరసలో జనం ఉంటారు. ఇంకో జత ఇమ్మనండి. అదీ సరిపోకపోతే ఇంకోటి అడగండి. దుకాణం లోపలే నాలుగడుగులు వేసి, మోకాళ్లు పదిసార్లు వంచి లేపి, సరిపోయిందని మీ పాదానికి అనిపించాకే డబ్బులివ్వండి.